రెండు సిగరెట్ల సేపు

సంచిలో బరువైనవి ముందు పెట్టాలి. సీసపు దిమ్మల బెల్టు అడుగున, దాని మీద కాళ్ళకి తొడుక్కునే రెక్కలు, వాటి మధ్య సందులో తువ్వాలు, తువ్వాలు మడతలో ముఖానికి పెట్టుకునే అద్దం. రబ్బరు సూటు అన్నిటికన్నా పైన. అది కింద పెడితే ముడత పడుతుంది, ముడత పడిన చోట చిరుగుతుంది, చిరిగిన చోటి నుంచి చన్నీళ్ళు ఒంటికి తగులుతాయి. ఇవన్నీ నాకెవరూ నేర్పలేదు. తొమ్మిదేళ్ళుగా రెండు సంచులు సర్దుతున్నాను. ఒకటి నా కూతురిది, ఒకటి నా తమ్ముడిది.

ఇద్దరిదీ నీళ్ళలో మునిగి చేసే పని. ఊరికి తాగునీళ్ళిచ్చే జలాశయంలో, నీళ్ళు గొట్టంలోకి వెళ్ళే నోటి దగ్గర ఇనుప ఊచల జాలీ ఉంటుంది. దానికి నాచూ, ప్లాస్టిక్ సంచులూ, తెగిపోయిన చేపల వలలూ వచ్చి పట్టుకుంటాయి. పంపు ఆపించి, వీపుకి గాలి సిలిండరు కట్టుకుని పది మీటర్లు దిగి, వాటిని కోసి తియ్యాలి. నెలకి రెండుసార్లు అక్కడికి వెళ్తారు. మిగతా రోజుల్లో పడవల అడుగులు గీకడం, వంతెన స్తంభాలకి బీటలున్నాయేమో చూసి రావడం.

నా కూతుర్ని తమ్ముడు ‘బుడుబుంగ’ అని పిలిచేవాడు. నాలుగేళ్ళప్పుడు స్నానం చేయిస్తుంటే బకెట్లో తల ముంచి తియ్యకుండా ఉండేది. నేను జుట్టు పట్టుకుని పైకి లాగితే ఏడ్చేది. గుమ్మంలో నిలబడి వాడు నవ్వేవాడు. “వదిలెయ్ అక్కా, అది బుడుబుంగ పిట్ట. ఎక్కడ మునిగినా ఎక్కడో ఒక చోట తేలుతుంది” అనేవాడు.

ఇరవై రెండో ఏట మావయ్య వెనకే ఆ పనిలో చేరతానంది. నేను రెండు రోజులు అన్నం మానేశాను. ఎవరన్నా గుమ్మం దాటుతుంటే నాకు గుండె జారిపోతుంది. మా ఆయన తెగిన చెప్పు కుట్టించుకొస్తానని వెళ్ళి, ఆ కొట్టు మెట్టు మీదే కూలబడి చనిపోయాడు. అప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. వెళ్తున్నానని కేకేశాడో లేదో కూడా నాకు తెలియదు. అప్పటి నుంచి మా ఇంట్లో నేను గుమ్మం దాకా రాకుండా ఎవరూ బయటికి వెళ్ళకూడదు.

చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. దిగితే మావయ్యతోనే దిగాలి. ఇంకెవరితోనూ జత కట్టకూడదు. కింద నీళ్ళలో ఏం జరిగినా పక్కన మనవాడు ఒకడుంటాడని నా ధైర్యం.

ఆ ధైర్యం పుస్తకంలోంచి వచ్చింది. నేను బడికి వెళ్ళలేదు. ముప్పై ఎనిమిదో ఏట, అమ్మాయి హోంవర్కు చేస్తుంటే పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటి నుంచి కనిపించిందల్లా చదువుతాను. మందు సీసాల్లో మడిచి పెట్టే కాగితాలు, సబ్బు అట్టలు, ఆసుపత్రిలో ఊరికే ఇచ్చే కరపత్రాలు. కాంట్రాక్టరు ఇచ్చిన నిబంధనల పుస్తకం నాలుగుసార్లు చదివాను. ఆరో పేజీలో ఇలా ఉంది: ‘పొగ తాగడం ఎవరి వ్యక్తిగత ఇష్టం వారిది. అయితే సిలిండర్ల దగ్గర తాగరాదు.’ అదే పేజీలో కింద: ‘జతలో ఎవరి గాలి ముందు తగ్గినా ఇద్దరూ కలిసి పైకి రావాలి.’ ఆ రెండు మాటలూ ఒకే పేజీలో ఎందుకున్నాయో అప్పుడు నేను ఆలోచించలేదు.

తమ్ముడు పదిహేనో ఏటి నుంచీ సిగరెట్లు తాగుతాడు. ఏటేటా డాక్టరు పరీక్షకి ముందు ఒక ఫారం నింపాలి. అది నింపేది నేనే, నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని. ‘మీకు పొగ తాగే అలవాటు ఉందా?’ అన్న ప్రశ్న దగ్గరికొచ్చేసరికి ప్రతి ఏడూ నా కలం ఆగేది.

“లేదని కొట్టు అక్కా” అనేవాడు.

“అబద్ధం రాయమంటావా?”

“అబద్ధమేముంది? అసలది నన్ను అడగాల్సిన ప్రశ్నే కాదు. నా ఊపిరితిత్తులు నా సొంతం.”

“నీ సొంతమే మావయ్యా” అనేది నా కూతురు పక్క గదిలోంచి. “నీళ్ళలో మాత్రం నాకూ వాటా ఉంది.”

“ఉంటే పట్టుకెళ్ళవే. కాస్త నల్లగా ఉంటాయి, తోముకోవాలి.”

నేను ‘లేదు’ అన్నచోట గీత పెట్టేదాన్ని. ‘ఉంది’ అని పెడితే వాణ్ణి ఒడ్డున కూర్చోబెడతారు. నా కూతురికి ఎవడో ముక్కూ మొహం తెలియనివాణ్ణి జత చేస్తారు.

ఆ మంగళవారం మధ్యాహ్నం ఇద్దరి సంచులూ ఖాళీ చేసి కడుగుతుంటే, వాళ్ళ మునక పుస్తకాలు తడిసి ఉన్నాయి. ఎన్నింటికి దిగారు, ఎన్నింటికి పైకొచ్చారు, ఎంత గాలి మిగిలింది, ఎవరి పుస్తకంలో వాళ్ళు రాసుకుంటారు. పేజీలు అంటుకుపోతాయని మంచం మీద పక్కపక్కన విప్పి, ఫ్యాను వేసి, నేనూ కూర్చున్నాను. కూర్చుంటే చదవకుండా ఉండలేను.

తమ్ముడి పుస్తకంలో: తొమ్మిది నలభైకి దిగాను, పది ఎనిమిదికి పైకి. కూతురి పుస్తకంలో అదే తేదీ: తొమ్మిది నలభైకి దిగాను, పది ఇరవైకి పైకి.

పొరపాటు రాశారనుకున్నాను. వెనక పేజీ తిప్పాను. అక్కడా పన్నెండు నిమిషాల తేడా. దాని ముందు పదకొండు. దాని ముందు పన్నెండు. ఏడాదిన్నర వెనక్కి వెళ్ళాను. ఫ్యాను గాలికి పేజీలు ఎగురుతుంటే రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. ఆఫీసుకిచ్చే కాగితంలో మాత్రం ఇద్దరూ కలిసే పైకొచ్చినట్టుండేది. అది నేను ఎన్నోసార్లు చూశాను.

అయిదింటికి ఇద్దరూ ఆఫీసు పని చూసుకుని వచ్చారు. మర్నాడు పొద్దున్నే జలాశయానికి ప్రయాణం. తమ్ముడు స్నానానికి వెళ్ళాడు. నేను కూతురి సంచి సర్దడం మొదలుపెట్టాను. పక్క జేబులో బెల్టు కొక్కెం పెడదామని చెయ్యి పెడితే ఆకుపచ్చ డబ్బా తగిలింది. నీళ్ళు చొరకుండా మరమూత ఉన్నది. విప్పితే లోపల సిగరెట్లు.

“ఇవేంటే?”

“మావయ్యవి.”

“వాడివి నీ సంచిలో ఎందుకున్నాయి?”

“తన దగ్గరుంటే దారిలోనే ఊదేస్తాడు. నా దగ్గరుంటే పైకెక్కాక రెండే. తర్వాత సాయంత్రం దాకా ఊసెత్తడు.”

“నువ్వే కొంటున్నావా?”

“నేనే.” దాపరికమేమీ లేకుండా చెప్పింది. “అలా చూడకు. నేను తాగట్లేదు.”

నేను మంచం మీది పుస్తకాలు రెండూ చూపించాను. వాటిని చూడగానే దానికి అర్థమైంది.

“ఆరబెట్టి ఊరుకోక చదివావా?”

“అక్షరం కనిపిస్తే ఆగలేనని నీకు తెలుసు.”

“తెలుసు. చెత్తబుట్టలో కాగితాల్ని కూడా వదలవు.”

“పన్నెండు నిమిషాలు ఒక్కదానివే ఉంటున్నావు.”

“ఒక్కదాన్నేం కాదు. మావయ్య పైన మెట్ల మీద నా నడుముకి కట్టిన తాడు పట్టుకుని కూర్చుంటాడు. ఒకసారి లాగితే బాగున్నానని. మూడుసార్లు లాగితే దిగి రమ్మని.”

“కలిసి పైకి రావాలని ఆరో పేజీలో ఉంది.”

“పేజీతో సహా చెప్తున్నావా?” నవ్వింది. “మావయ్య గాలి ముందైపోతుందమ్మా. తను రెండు ఊపిర్లు పీలిస్తే నేను ఒకటి పీలుస్తాను. తనతోపాటు నేనూ వచ్చేస్తే పని సగంలో ఉంటుంది. మళ్ళీ సిలిండరు మార్చుకుని మళ్ళీ దిగాలి. సూపర్‌వైజరు పంపు మీట దగ్గర కాపలా ఉంటాడు. ఆయనకి తెలుసు, తెలియనట్టుంటాడు.”

“అయితే వాణ్ణి సిగరెట్లు మానమను. నువ్వు కొనివ్వకు. ఇద్దరి గాలీ సమానంగా సరిపోతుంది.”

తువ్వాలు మడత పెడుతున్నది ఆగిపోయింది.

“వద్దమ్మా.”

“ఎందుకొద్దు?”

“ఆ పన్నెండు నిమిషాలు నాకు కావాలి.”

నాకు అర్థం కాలేదు. అది నా వైపు చూడకుండా చెప్పింది.

“కింద నన్నెవరూ పిలవరు. తిన్నావా, ఎక్కడిదాకా వచ్చావు, ఇంకెంతసేపు, పక్కనెవరున్నారు... ఏమీ ఉండదు. నా బుడగల చప్పుడు నాకు వినిపిస్తుంటుంది, అంతే. మావయ్య ఉన్నంతసేపూ నిమిషానికోసారి బాగున్నావా అని వేలు చూపిస్తూనే ఉంటాడు. నీ తమ్ముడేగా మరి.”

“ఇంట్లో నేనేమన్నా నిన్ను కట్టేశానా?”

“ఇప్పుడు ఎక్కడ నిలబడ్డావో చూసుకో అమ్మా.”

చూసుకున్నాను. గుమ్మంలో నిలబడి ఉన్నాను. కుడి చెయ్యి ద్వారబంధానికి ఒక పక్క, ఎడమ చెయ్యి రెండో పక్క. అది బయటికి రావాలంటే నా చంక కింది నుంచి దూరి రావాలి.

చేతులు దించి, గుమ్మం వదిలి తలుపు పక్కకి జరిగాను. అప్పటికే అది మళ్ళీ తువ్వాలు మడుస్తోంది.

తల తుడుచుకుంటూ తమ్ముడు వచ్చాడు. “బుడుబుంగా, నా సరుకు పెట్టావా?”

“పెట్టా.”

“మీ అమ్మ చూడలేదుగా?”

“నీ వెనకే ఉంది.”

వాడు ఉలిక్కిపడి తిరిగాడు. “పిల్లిలా కాలి చప్పుడైనా లేకుండా తిరుగుతావేంటక్కా!”

“మానెయ్‌రా. నీ కాళ్ళు పట్టుకుంటాను. దానికోసమన్నా మానెయ్.”

“ఎవరిష్టం వాళ్ళదక్కా. నీకు భయపడే అలవాటుంది, నాకు ఈ అలవాటుంది. నిన్ను భయం మానమని నేనెప్పుడన్నా అన్నానా?”

ఇద్దరూ పగలబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు.

వాళ్ళు భోజనానికి కూర్చున్నప్పుడు నేను నీళ్ళు తెస్తానని లేచి వచ్చాను. నా దగ్గర ఒక కరపత్రం ఉండేది, ఆసుపత్రి నుంచి తెచ్చుకున్నది. అందులో, సిగరెట్టు ఆపిన పన్నెండు గంటలకే ఒంట్లో విషగాలి తగ్గిపోతుందని, రక్తం ప్రాణవాయువుని బాగా పట్టుకుంటుందని ఉంది. పన్నెండు గంటలు. ఆ అంకె చూసి ఇది నాకోసమే రాశారనుకున్నాను. సాయంత్రం నుంచి తమ్ముడి నోట్లో సిగరెట్టు లేకపోతే, పొద్దునకల్లా వాడి గాలి అమ్మాయి గాలితో సమానమవుతుంది. ఒక్కసారి కలిసి పైకొస్తే రెండోసారీ వస్తారు.

డబ్బాలో సిగరెట్లు తీసేశాను. ఊపితే అనుమానం రాకుండా దగ్గు బిళ్ళలు వేసి, పైన కాస్త దూది కుక్కి, మూత బిగించాను. కొక్కానికున్న వాడి చొక్కా జేబులోంచి మూడు సిగరెట్లున్న పెట్టె కూడా తీసేశాను. అన్నీ తుంపి, తడిపి, చెత్తలో అడుగున పెట్టాను. మంచినీళ్ళ చెంబు తీసుకుని వెళ్ళి వడ్డించాను. పొద్దున్నే ప్రయాణమని వాడు తినగానే పడుకున్నాడు.

పొద్దున ఆరింటికి వ్యాను వచ్చింది. తమ్ముడు జేబులు తడుముకున్నాడు.

“నా పెట్టె ఏదక్కా?”

“నాకేం తెలుసు?”

“నా దగ్గరున్నాయిలే మావయ్యా” అంది అమ్మాయి. “పైకెక్కాక తాగుదువుగాని. నడు.”

సంచులు ఎత్తుకున్నారు. గుమ్మం దగ్గర దాని మణికట్టు పట్టుకున్నాను. “ఈ రోజు ఇద్దరూ కలిసే పైకి రండి.”

నిన్నటి మాటలకి మనసులో నొచ్చుకున్నాననుకుందో ఏమో, వాదించలేదు. “సరే. వెళ్ళొస్తాం. తలుపేసుకో, చలిగాలి” అంది. మెట్ల మలుపులో తమ్ముడి సంచి గోడకి తగిలిన చప్పుడైంది. తర్వాత వ్యాను తలుపు మూసుకున్న చప్పుడు.

తొమ్మిది నలభైకి గడియారం ఎదురుగా కూర్చున్నాను. పది ఎనిమిదైంది. ఇంకా ఇద్దరూ కిందే ఉంటారనుకున్నాను. పదింపావైంది. వస్తుంటారు. పది ఇరవైకి లేచి, రేపటికి బట్టలు నానబెట్టాను. వాళ్ళ పనిరోజుల్లో నాకు భయం వెయ్యని రోజు అదొక్కటే.

మూడున్నరకి తమ్ముడు వచ్చాడు. వాడి వెనక సూపర్‌వైజరు. ఆయన గుమ్మం బయటే నిలబడిపోయాడు. వాడి ఒంటి మీద రబ్బరు సూటు సగం దాకా ఒలిచి నడుముకి వేలాడుతోంది. నేను వాళ్ళిద్దర్నీ దాటి మెట్లవైపు చూశాను. చాలాసేపు చూశాను.

వాడు నేల మీద కూర్చుని చెప్పాడు. నన్ను చూసి కాదు, నా పాదాలు చూసి చెప్పాడు.

“పొద్దుటి నుంచి ఒళ్ళంతా చిరాగ్గా ఉందక్కా. దిగిన దగ్గర్నుంచి ఊపిరి గబగబా లాగేశాను. ఇరవై నిమిషాలకే గాలి చూపించే ముల్లు యాభైకి దిగిపోయింది. చూపించాను. కలిసి వెళ్దామని సైగ చేసింది, నీకు మాటిచ్చిందిగా. నేనే వద్దన్నాను. అంత గాలి పెట్టుకుని నువ్వెందుకు రావడం, పని కానియ్యమన్నాను. సరేనని వేలు చూపించింది. నవ్వింది కూడా, అద్దంలోంచి కనిపించింది.

“నేను పైకొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. తాడు చేతికి చుట్టుకున్నాను. డబ్బా తీశాను.”

సూటు లోపలి నుంచి ఆకుపచ్చ డబ్బా తీసి మా ఇద్దరి మధ్యా పెట్టాడు.

“ఒకటి అయ్యేసరికి ఆరు నిమిషాలు. రెండోది అయ్యేసరికి దాని తల తేలుతుంది. ఏడాదిన్నరగా అంతే, గడియారం చూసిందే లేదు. రెండోది ఆర్పాక తల తేలకపోతే తాడు లాగి చూడాలి, జవాబు రాకపోతే దిగాలి. అది పెట్టిన రూలే. అందుకే నాకంత జాగ్రత్తగా లెక్కపెట్టి ఇచ్చేది. చేతిలో సిగరెట్టుంటే అక్కడి నుంచి కదలను కదా.

“మూత తీస్తే బిళ్ళలు. నవ్వొచ్చింది, అక్క పనే అనుకున్నాను. ఒకటి నోట్లో వేసుకున్నాను. కూర్చోలేకపోయాను. దానికింకా పావుగంట పైన గాలుంది. గేటు దగ్గర కాపలావాడు తాగుతాడు. ఒక్కటి అడిగి తెచ్చుకుందామని తాడు కడ్డీకి కట్టేసి వెళ్ళాను. ఎంతోదూరం లేదు. ఇచ్చాడు. అగ్గిపెట్టె వెతికాడు. వాడి గదిలో ఎంతకీ దొరకలేదక్కా. ఉండు ఉండు అంటూ చొక్కాలన్నీ వెతికాడు. నేను ఉన్నాను.

“వచ్చి చూస్తే తాడు బిగిసి ఉంది.”

ఎన్నిసార్లు లాగిందని నేను అడగలేదు. వాడే చెప్పాడు. “ఎన్నిసార్లు లాగిందో కడ్డీకి తెలుసు.”

జాలీకి పాత వల ఒకటి పట్టుకుని ఉంది. దాన్ని కోస్తుంటే సిలిండరు మెడకి వెనక నుంచి చుట్టుకుంది. చేతికి అందని చోట. పక్కన ఇంకొకరుంటే రెండు కోతల పని. తమ్ముడు వ్యానులోంచి ఇంకో సిలిండరు తెచ్చుకుని దిగేసరికి దాని చేతిలో కత్తి అలాగే ఉంది.

తర్వాత విచారణ చేశారు. నన్నూ పిలిచి ఒక బెంచీ మీద కూర్చోబెట్టారు. అధికారి ముందు నేను నింపిన ఫారం ఉంది. గుండ్రటి అక్షరాలు దూరం నుంచి కూడా గుర్తుపట్టాను.

“నువ్వు పొగ తాగవని ఇందులో ఉంది. మరి తాడు వదిలి గేటు దగ్గరికి ఎందుకెళ్ళావు?” అని తమ్ముణ్ణి అడిగాడు.

వాడు నా వైపు చూడలేదు.

“మంచినీళ్ళకండీ” అన్నాడు.

అలాగే రాసుకున్నారు. ఊరంతటికీ తాగునీళ్ళిచ్చే చోటు అది. ఎవరూ మరో ప్రశ్న వెయ్యలేదు.

వాడికి పని పోయింది. సిగరెట్టు ముట్టలేదు ఆ తర్వాత. రోజంతా వసారాలో కుర్చీలో కూర్చుంటాడు. చేతికి తువ్వాలు కొస చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకుంటాడు. డబ్బాలో బిళ్ళలు పోసింది నేనేనని నేను నోరు తెరిచి ఒప్పుకోలేదు, వాడు నోరు తెరిచి అడగలేదు. అందులో ఒక బిళ్ళ తక్కువ. నేను ఎప్పుడన్నా కాస్త గాలికి బయటికి వెళ్దామని లేస్తే, “ఎక్కడికక్కా? ఎంతసేపు?” అంటాడు. చెప్పి, కూర్చుంటాను. వాడు లేస్తే నేను అడుగుతాను. వాడూ కూర్చుంటాడు.

ఒక సంచి ఇంకా సర్దే ఉంది. మర్నాడు వ్యానులోంచి తెచ్చిచ్చారు. అడుగున బెల్టు లేదు, రెక్కలు లేవు, పైన రబ్బరు సూటు లేదు. తువ్వాలు మాత్రం అది మడిచిన మడతలోనే ఉంది.

నా కూతురు తిరిగి రాలేదు. నవంబరు తొమ్మిది, బుధవారం. పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకి పైకి రావాలి.